వాల్వు సెట్టు, హెడ్‌ఫోను, మన చెవి

కొత్తగూడెం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీద ఉంది. "మావారు ఈమధ్య వాల్వులతో పనిచేసే చిన్న ఆంప్లిఫయరు ఒకటి తెప్పించుకున్నారు. రాత్రి పన్నెండింటి దాకా హెడ్‌ఫోను పెట్టుకుని పాటలు వింటారు. ఫోనులో వింటే చెవులు పాడవుతాయి గానీ ఇది పాతకాలపు మెత్తటి ధ్వని, దీనితో ఏమీ కాదు అంటున్నారు. నిజమేనా? నేను రెండుసార్లు పిలిచినా పలకడం లేదు. ఇది చెవుడా, పాటల మోజా?" అని ఆవిడ ప్రశ్న.

చెవుడా మోజా అన్నది ఆయన్ని పరీక్షిస్తే గాని చెప్పలేను. మొదటి ప్రశ్నకి మాత్రం పుస్తకం చూసి జవాబు రాయబుద్ధి కాలేదు. అటువంటి పెట్టె మా మేనల్లుడి దగ్గర ఉందని తెలిసి అడిగాను. వాడు సెలవులకి వచ్చినప్పుడు తెచ్చి, "నెల్లాళ్ళు ఉంచుకో మామయ్యా, మళ్ళీ వచ్చినప్పుడు తీసుకెళ్తాను" అని ఇచ్చిపోయాడు. హెడ్‌ఫోను కూడా వాడిదే, చెవిని మొత్తంగా కప్పే రకం. ఆస్పత్రి పని ముగిశాక రోజూ రాత్రి ఒక గంటసేపు విన్నాను.

పెట్టె టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. పైన బొటనవేలంత గాజు వాల్వులు రెండు. స్విచ్చి వేసిన వెంటనే పాట రాదు. ముందు వాల్వుల్లో సన్నటి తీగ ఎర్రబడుతుంది, ఓ అరనిమిషం గడిచాక ధ్వని మెల్లగా పైకి లేస్తుంది. యాభై దాటిన పాఠకులకి ఈ అరనిమిషం బాగా తెలుసు. మా ఇంట్లో గూట్లో మర్ఫీ రేడియో ఉండేది. మ్యాజిక్ ఐ అనే ఆకుపచ్చ కన్ను వెలిగి, విజయవాడ స్టేషను అందేదాకా మా నాన్నగారు ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కాదు. శ్రీరామనవమి నాడు భద్రాచల కల్యాణానికి ఉషశ్రీ గారి వ్యాఖ్యానం వినడానికి వీధిలో సగంమంది మా వరండాలో కూర్చునేవారు. కొత్తగూడెం ఆకాశవాణి 1989లో గాని రాలేదు. అప్పటిదాకా మాకు రేడియో అంటే విజయవాడే, హైదరాబాదే, రాత్రిళ్ళు గాలివాటంగా అందే సిలోనే.

వాల్వు అంటే ఏమిటో కుర్రవాళ్ళ కోసం ఒక మాట. గాలి తీసేసిన గాజుబుడ్డిలో తీగ వేడెక్కితే దాని చుట్టూ ఎలక్ట్రానులు విడుదలవుతాయి. వాటిని ఎదురుగా ఉన్న రేకు లాక్కుంటుంది. 1904లో ఫ్లెమింగ్ అనే ఆంగ్లేయుడు చేసింది అంతవరకే. 1906లో డి ఫారెస్ట్ అనే అమెరికన్ ఈ రెండింటి మధ్య ఒక జల్లెడ పెట్టాడు. ఆ జల్లెడ కుళాయి మర వంటిది. చిన్న సంకేతంతో దాన్ని కాస్త తిప్పితే పెద్ద ప్రవాహం పెరుగుతుంది, తగ్గుతుంది. అంతే ఆంప్లిఫయరు. 1947లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో ట్రాన్సిస్టరు పుట్టాక వాల్వు క్రమంగా మూలపడింది. మన దేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వారు కూడా ఒకప్పుడు రేడియో వాల్వులు తయారుచేసేవారు. ఇప్పుడు సంగీతం పిచ్చివాళ్ళ పుణ్యమా అని వాల్వు మళ్ళీ బల్లమీదికెక్కింది. అయితే ఈ చిన్న పెట్టెల్లో చాలావాటిలో వాల్వు మొదటి మెట్టు మాత్రమే. హెడ్‌ఫోనుని నడిపేది చివరికి ట్రాన్సిస్టరో చిప్పో. ఆ సంగతి పెట్టె పైన రాయరు.

ఇక విన్న సంగతి. మొదటి రాత్రి బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తనలు పెట్టాను. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. గొంతు దగ్గరికి వచ్చి కూర్చున్నట్టుంది. తంబురా నాదం గొంతు చుట్టూ పలచగా పరుచుకుని ఉంది, ఎక్కడా గుచ్చుకోదు. మృదంగంలో ఎడమవైపు బరువు బాగా తెలిసింది. తర్వాత నాదస్వరం పెట్టాను. ఫోనులో నేరుగా వింటే నాదస్వరం నాకు ఐదు నిమిషాలకే చెవిని కోస్తుంది. ఇందులో అరగంట విన్నా ఇబ్బంది లేదు. ఈ 'ఇబ్బంది లేకపోవడం' దగ్గరే నా వైద్యబుద్ధికి అనుమానం వచ్చింది.

వాల్వు తనదంటూ కొంత కల్తీ కలుపుతుంది. కాకపోతే పాలలో నీళ్ళ కల్తీ కాదు, పంచదార కల్తీ. మీరు 'స' పాడితే అది ఎక్కువగా కలిపేది దానికి రెండు రెట్లున్న స్వరం, అంటే పై స్థాయి 'స'. అది అసలు స్వరంలో ఒదిగిపోతుంది, చిక్కదనంలా తోస్తుంది. ధ్వని మరీ పెంచినా వాల్వు అంచులు మెల్లగా వంగుతాయి. ట్రాన్సిస్టరు అలా కాదు. దాని పరిమితి దాటగానే తరంగం తల నరికినట్టు తెగుతుంది, గరగరమంటుంది. మనం ముఖం చిట్లించి వెంటనే తగ్గిస్తాం. ఆ గరగర మనకి కాపలాదారు. వాల్వు పెట్టెలో కాపలాదారుకి కునుకు పట్టించారు.

ఇది నా ఊహేనా అని ఒక చిన్న పరీక్ష చేశాను. మా ఆవిడ, మా ఫార్మసిస్టు, పక్క క్వార్టర్సులో ఉండే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, ఈ ముగ్గురికీ అదే పాట, అదే హెడ్‌ఫోను ఇచ్చి, ఒకసారి ఫోనుతోనూ ఒకసారి వాల్వు పెట్టెతోనూ "మీకు హాయిగా ఉన్నంత పెట్టుకోండి" అన్నాను. తర్వాత హెడ్‌ఫోను గిన్నె దగ్గర మరో ఫోను పెట్టి ఆప్‌తో ధ్వని కొలిచాను. ఇది ఉజ్జాయింపు కొలతే, శాస్త్రం కాదు. ముగ్గురూ వాల్వు పెట్టె దగ్గర ఎక్కువే పెట్టారు. తేడా 4 నుంచి 7 డెసిబెల్స్. మర్నాడు రెండింటి ధ్వనీ సమానం చేసి, పెట్టెని తువ్వాలు చాటున దాచి, ఏది ఏదో చెప్పమన్నాను. మా ఆవిడ "రెండూ ఒకటే, నన్ను పొయ్యి దగ్గరికి పోనివ్వండి" అంది. కుర్రాడు సగంసార్లు తప్పు చెప్పాడు. ఫార్మసిస్టు ఒక్కడే ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. ఎలా అంటే, పాటకీ పాటకీ మధ్య వాల్వు పెట్టె సన్నగా 'గుయ్' మంటోందట!

4, 5 డెసిబెల్స్ ఎంతలే అనుకోకండి. డెసిబెల్ లెక్క కూరగాయల లెక్క కాదు. 3 పెరిగితే చెవిలోకి వెళ్ళే శక్తి రెట్టింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన కొలత ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు వినవచ్చు. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. పిల్లలకి మొదలే 75. అంటే మీరు హాయిగా ఉందని 6 డెసిబెల్స్ పెంచితే, వారం వాడుకోవలసిన సమయం పావువంతుకి పడిపోతుంది. పైగా చాలా ఫోనులు శబ్దం ఎక్కువైతే హెచ్చరిక చూపిస్తాయి, కొన్ని వారం లెక్క కూడా కడతాయి. మధ్యలో బయటి ఆంప్లిఫయరు పెడితే ఆ లెక్క తప్పుతుంది. అంచేత అమ్మా, ఆ పెట్టె చెవికి మేలు చేస్తుందన్న మీవారి మాట నిజం కాదు. అపకారి అనీ నేననను. దాని మర మీవారి చేతిలో ఉంది.

చెవిలో పాడయ్యేది ఏమిటో కూడా చెప్పాలి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. ఒక్కో చెవికి అందులో సుమారు 15,000 రోమకణాలుంటాయి. ధ్వనికి అవి పైరులా ఊగుతాయి. గాలివానకి పడిన పైరు కొంత లేస్తుంది, కొంత లేవదు. లేవని కణం మనిషిలో మళ్ళీ మొలవదు. కోడిపిల్లకి మొలుస్తుంది, మనకి లేదు. పెద్ద శబ్దాల వల్ల వచ్చే చెవుడు మొదట 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పెడుతుంది. వయసు వల్ల వచ్చేది అన్నిటికన్నా పై స్వరాల నుంచి దిగుతూ వస్తుంది. ధ్వనులు వేసుకుని చూస్తే 12,000 దాటాక నాకు నిశ్శబ్దమే. కుర్రాడికి 16,000 కూడా సూదిలా గుచ్చుకుంటోందట. మా క్వార్టర్స్ వెనక అడవి అంచున రాత్రిళ్ళు కీచురాళ్ళ గోల అంటారు వాడూ వాళ్ళమ్మా. నాకు అందులో సగమే అందుతుందనుకుంటాను. యాభై దాటిన పెద్దమనుషులు ఆంప్లిఫయర్ల పై స్వరాల నాణ్యత గురించి పేజీలు రాస్తుంటే నాకు నవ్వొస్తుంది.

పెట్టె నా దగ్గరున్న రోజుల్లోనే ఇల్లెందు నుంచి ఒక పెద్దాయన్ని కోడలు తీసుకొచ్చింది. సింగరేణి బాయిలో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు పట్టి రిటైరైన మనిషి. "మామకి తనకు కావలసినవే వినపడతయి సార్, మిగిలినవి వినపడవు" అని ఆ అమ్మాయి ఫిర్యాదు. ఆయన ఏది అడిగినా తల ఊపుతాడు. అలాగే తల ఊపి, ఒకచోట రక్తపోటు మాత్ర మార్చి ఇస్తే పాతదీ కొత్తదీ రెండూ రెండు వారాలు మింగాడు. కళ్ళు తిరిగి పడిపోతే నా దగ్గరికి తెచ్చారు.

బల్లమీది పెట్టె చూసి, "ఇది పెట్టుకుంటే ఇనపడుతదా సారూ?" అన్నాడు. పెట్టి చూద్దామని ఫోనులో వార్తలు పెట్టి హెడ్‌ఫోను ఆయనకి తగిలించాను. తక్కువలో ఏమీ లేదు. పెంచాను. ఇంకాస్త పెంచేసరికి చటుక్కున చేతులు చెవుల దగ్గరికి పోయాయి. "ఇనపడుతుంది సారూ, మాటే తెలుస్తలేదు" అన్నాడు.

ఈ ఒక్క వాక్యం చాలా ఇళ్ళల్లో తగవులకి మూలం. అచ్చుల్లో శక్తి కింది స్వరాల్లో ఉంటుంది. అవి ఆయనకి వినపడుతున్నాయి. స, త, ప, క వంటి హల్లులు పలుచనివి, వాటి గుర్తులు పై స్వరాల్లో ఉంటాయి. ఆ కణాలు బాయిలోనే పోయాయి. 'కాకి' అన్నా 'తాటి' అన్నా ఆయనకి 'ఆ..ఇ' అనే అందుతుంది. మొత్తం ధ్వనిని ఒకేలా పెంచే ఆంప్లిఫయరు, వాల్వుదైనా మరొకటైనా, వినపడేదాన్నే ఇంకా పెంచుతుంది. పైగా ఇటువంటి చెవికి చిన్న శబ్దం అందదు, కాస్త పెద్దదైతే నొప్పి. మధ్యలో చోటు తక్కువ. వినికిడి యంత్రం చేసే పని వేరు. ఎక్కడ లోపం ఉందో అక్కడే, ఎంత కావాలో అంతే పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని అణుస్తుంది. ముందు ఆడియోగ్రామ్ తీయించి దాని ప్రకారం అమర్చాలి. తక్కువ ఆదాయం వాళ్ళకి, వైకల్య ధ్రువపత్రం ఉంటే, కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద యంత్రం ఇస్తారు. ఆ పెద్దాయనకి యంత్రం అమర్చారు. మొదటి వారం గిన్నెల చప్పుడు భరించలేక తీసి జేబులో వేసుకున్నాడు. రోజుకి ఒక గంటతో మొదలుపెట్టి పెంచుకోమన్నాను. ఇప్పుడు మాత్రల సంగతి కోడలు చెబితే తిరిగి తన నోటితో అప్పజెబుతున్నాడు. అలా అప్పజెప్పించుకోమని ఆ అమ్మాయికి నేనే చెప్పాను. చెవుడున్న వాళ్ళ ఇంట్లో అందరూ చేయవలసిన పని ఇది. మధ్యవయసులో వచ్చిన చెవుడుని పట్టించుకోకపోతే ముసలితనంలో మతిమరుపు జబ్బుకి అవకాశం పెరుగుతుందని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2020లోనూ 2024లోనూ చెప్పింది.

మా ఏజెన్సీ ప్రాంతం సంగతి ఒకటుంది. ఇక్కడ మలేరియా ఎక్కువగా ఉన్న రోజుల్లో క్వినైన్ మీద ఉన్న రోగి "చెవుల్లో కీచురాళ్ళు కూస్తున్నాయి" అంటే మేము ఆశ్చర్యపోయేవాళ్ళం కాదు. మందు ఆపాక చాలామందికి తగ్గేది. ఆర్టెసునేట్ వచ్చాక క్వినైన్ వాడకం బాగా తగ్గింది. క్షయకి ఇచ్చిన స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మాత్రం వేరు. వాటితో పోయిన వినికిడి తిరిగి రాదు. ఎప్పుడైనా అటువంటి ఇంజెక్షన్లు ఎక్కువకాలం తీసుకున్నవాళ్ళు, రోజూ మోటార్ల చప్పుడులో పనిచేసేవాళ్ళు హెడ్‌ఫోను కొనేముందు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. విన్న తర్వాత చెవిలో గుయ్యిమన్నా, ఊళ్ళో శబ్దాలు దూదిలోంచి వస్తున్నట్టున్నా ఆ రాత్రి విన్నది ఎక్కువే. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే రేపు చూద్దామనుకోకండి. మొదటి రెండు మూడు రోజుల్లో వైద్యం మొదలైతేనే ఫలితం ఎక్కువ.

పెట్టె కొన్నవాళ్ళకి: మర బాగా కిందికి తిప్పి ఉంచి, తర్వాత హెడ్‌ఫోను పెట్టుకోండి. పక్కమనిషి మామూలుగా పిలిస్తే వినపడాలి. అది కొత్తగూడెం సోదరి చేసే పరీక్షే. వాల్వు గాజు కాలుతుంది, పిల్లలకి అందనివ్వవద్దు. పాత వాల్వు రేడియోల్లో లోపల 250 వోల్టుల దాకా ఉండేది, ఆపిన తర్వాత కూడా కొంతసేపు ఉంటుంది. సొంతంగా విప్పి బాగుచేసుకోవద్దు.

మరో మాట, గోదావరి ఒడ్డున వానాకాలంలో నా దగ్గరికి వచ్చే చెవుల్లో బూజు ఎక్కువ. తడి చెవిని హెడ్‌ఫోను మూసేస్తే, అందులో కొబ్బరినూనె కూడా పోస్తే బూజుకి అంతకన్నా ఏం కావాలి? స్నానం చేసి తుడుచుకుని, చెవులు ఆరాక పెట్టుకోండి. గిన్నెల దిండ్లు రెండు రోజులకోసారి పొడిగుడ్డతో తుడవండి. దురద పెడుతుంటే తగ్గేదాకా హెడ్‌ఫోను మానండి. చెవిలో చీము ఉన్నవాళ్ళు, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు నూనె గాని, డాక్టరు చూడని చుక్కలు గాని ఏవీ వేసుకోకూడదు.