పొత్తిళ్ళ దర్జీ

నేను కుట్టేవి మూడే రకాలు: ఉయ్యాల బొంతలు, పసిపిల్లల జుబ్బాలు, పక్కగుడ్డలు. మూడూ పాత నూలు చీరలతోనే కుడతాను. కొత్త గుడ్డ తెచ్చి కుట్టమనేవాళ్ళను పక్క వీధి టైలరు దగ్గరికి పంపిస్తాను. ఆయనా బాగానే కుడతాడు, పైగా నాకంటే తక్కువ తీసుకుంటాడు.

పెళ్ళికి ముందు నుంచీ కుట్టుపని నా చేతిలో ఉంది. జాకెట్లు, ఫాల్సు, పికో, పండగలొస్తే పరికిణీలు. పాప పుట్టాక అవన్నీ ఆపేశాను. జాకెట్టంటే కొలతలు, తేదీలు, ‘రేపు పెళ్ళుందమ్మా’ అని గుమ్మంలో నిలబడేవాళ్ళు. పాలుతాగే పిల్లతో ఆ తేదీలు అందుకోలేం. సరిగ్గా అప్పుడే పాపకు ఒళ్ళంతా ఎర్రగా పేలింది. చుట్టాలు తెచ్చిన కొత్త గౌన్లకు మెడ చుట్టూ లేసులు, లోపల గరుకు లైనింగు. మా అత్తయ్య వాటిని చూసి ఏమీ అనలేదు. పెట్టె అడుగు నుంచి తన వెంకటగిరి చీర ఒకటి తీసి, పళ్ళతో అంచు కొరికి, బర్రున రెండుగా చింపి నా చేతిలో పెట్టింది. ఆ చీర ముక్కలే నా మొదటి జుబ్బాలు.

పురిటి బిడ్డను పాత గుడ్డలో చుట్టడం మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కొత్త బట్టలు బారసాలకు. ఆనవాయితీ సంగతి అటుంచి, గుడ్డ పనిచేసే మనిషిగా నాకు కనిపించే కారణం ఒకటుంది. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, గుడ్డ పట్టని మిగులు రంగు ఉంటుంది, ముడత పడకుండా పట్టించే రసాయనాలు ఉంటాయి. ఏళ్ళ తరబడి ఉతికి ఆరేసిన నూలు చీరలో ఇవి చాలావరకు పోతాయి. నూలు పోగు విచ్చుకుని చెమటను పీల్చుకునే గుణం పెరుగుతుంది. అంత మెత్తదనం దుకాణంలో డబ్బిచ్చి కొనలేం.

ఇంట్లో చీరలు కొన్నాళ్ళకే అయిపోయాయి. అడిగేవాళ్ళు మాత్రం పెరిగారు. బయటి చీరలు కొనక తప్పలేదు, చిక్కూ అక్కడే వచ్చింది. అమ్మమ్మ కట్టి విడిచిన చీరైతే దీవెన. ఎవరో కట్టి విడిచిందైతే అంటు. ‘మా అత్తగారిదైతే సరేనమ్మా, ఎవరిదో తెలియని చీరలో నా మనవణ్ణి పడుకోబెడతానా?’ అని ఒకావిడ మొహం మీదే అన్నారు. హోటల్లో దుప్పటి ముందురోజు ఎవరు కప్పుకున్నారో ఎవరూ అడగరు. ఆసుపత్రి పక్క మీదా అంతే. పిల్లవాడి బొంత దగ్గరికొచ్చేసరికి మాత్రం కులగోత్రాలు కావాలి. వాదించి లాభం లేదని నా బీరువాలో రెండు అరలు పెట్టుకున్నాను. ఒకదాంట్లో ఇళ్ళవాళ్ళు తెచ్చిచ్చిన చీరలు, ఇంకోదాంట్లో బజారు చీరలు. ఏది ఎక్కడిదో అడగకముందే చెప్పేస్తాను. బజారువి వద్దనేవాళ్ళు వద్దంటారు. సరేననేవాళ్ళు ఎక్కువగా తొలిచూలు తల్లులే, వాళ్ళ అమ్మలు కాదు.

బజారు చీరలు నాకు స్టీలు సామాన్ల ఆమె దగ్గర దొరుకుతాయి. పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే ఆమె. ఆమె లెక్కలు ఆమెవి. ప్యాంట్లకు విలువ, పట్టుకు విలువ, నైలాన్, పాలియెస్టర్ చీరలకు విలువ, ఎందుకంటే అవి మళ్ళీ కట్టుకునేందుకు అమ్ముడుపోతాయి. నలిగిన నూలు చీర అన్నిటికంటే కిందిది, చివరకు మెకానిక్ షెడ్లో చేతులు తుడుచుకునే గుడ్డ అవుతుంది. ‘నూలుకు ఏమొస్తదక్కా, చిరుగుతది’ అంటుంది మూట విప్పుతూ. ఆమె కొట్టిపారేసే కట్ట నాకు కావలసిన కట్ట. ఆ సంగతి ఆమెకూ తెలిసిపోయింది లెండి, ఈ మధ్య ధర పెంచింది.

చీర చేతికి రాగానే పడుగు నుంచి ఒక పోగు, పేక నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తాను. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడయ్యే బూడిద మిగులుతుంది. పాలియెస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది. రెండు పోగులూ ఎందుకంటే, ఒకవైపు నూలు, ఇంకోవైపు సింథటిక్ కలిపి నేసినవి చాలా వస్తాయి. తర్వాత ఎండకు అడ్డంగా పట్టి చూస్తాను. కూర్చునే చోట చీర ముందు పలచబడుతుంది, ఆ భాగం కత్తిరించి తీసేయాలి. జరీ అంచూ తీసేయాలి, పసి ఒంటికి గుచ్చుకుంటుంది. తడిపిన తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దితే రంగు అంటిందా, ఎంత మంచి చీరైనా పక్కన పడేస్తాను. బిడ్డ చేతికందిన ప్రతి గుడ్డా నోట్లోకే పోతుంది మరి. నిలిచినవాటిని రాత్రంతా నానబెట్టి, బట్టల సోడా వేసి ఉడికించి, రెండు మూడు నీళ్ళల్లో జాడించి, మేడ మీద మండుటెండలో ఆరేస్తాను. కుట్టడం కంటే ఈ పనికే ఎక్కువ పొద్దు పోతుంది.

వాసన దగ్గర అస్సలు రాజీపడను. కలరా ఉండల వాసన వచ్చే చీర ఎవరు తెచ్చినా బిడ్డకు కుట్టను. ఒక పెద్దావిడ తన పెళ్ళినాటి నూలు చీర తెచ్చారు, ఎన్నేళ్ళుగానో ట్రంకు పెట్టెలో ఉండల మధ్య దాచినది. ఆ ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకు అది తగిలితే రక్తకణాలు చిట్లిపోయి కామెర్లు ముదురుతాయి. ఆ లోపం ఉందో లేదో చాలా ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు. మా పాప టీకాకు వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరు ఈ ముక్క చెప్పారు, ఆనాటి నుంచి ఇదే నా మొదటి నియమం. ఆ చీరకు నేను నో చెప్పినప్పుడు పెద్దావిడ చిన్నబుచ్చుకున్నారు. ఒక్కసారికి నా లెక్క తప్పి, దాన్ని ఆవిడే మోకాళ్ళ మీద కప్పుకునే బొంతగా చేసిచ్చాను. బిడ్డకు మాత్రం వేరే చీర.

ఇక బొంత. అయిదున్నర మీటర్ల చీరలో పలచన భాగాలు పోగా, ఉయ్యాలకు సరిపడే ముక్కలు మూడో నాలుగో వస్తాయి. పైకీ కిందికీ ఒక చీర, మధ్య పొరలకు ఇంకో చీర, మొత్తం నాలుగు పొరలు. నేల మీద పరిచి, నలుమూలలా ఇటుకలు పెట్టి, ముడత లేకుండా అరచేత్తో నిమురుకుంటూ పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోవాలి. ఆ పైన అరంగుళం ఎడంతో వరసలు. దారం నూలుదే ఉండాలి. పాలియెస్టర్ దారం గట్టిది కాబట్టి నలిగిన గుడ్డను అదే కోసేస్తుంది, ఏడాది తిరక్కుండా కుట్టు వెంట చీలిక వస్తుంది. బెంగాల్లో దీన్ని కాంతా అని, మహారాష్ట్రలో గోధడీ అని, కర్ణాటకలో కౌదీ అని చేస్తారు. అక్కడ అవి ప్రదర్శనలకెక్కాయి. మన బొంత ఇంకా మంచం కిందే ఉంది.

బొంత ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పకుండా చెబుతాను: ఇది బిడ్డ కిందికి, పైకి కాదు. ఏడాది నిండేదాకా బిడ్డ పడుకునే చోట మొహం మీద పడే దుప్పట్లు, దిండ్లు వద్దన్నది డాక్టర్ల మాట. ఆవాల దిండు కుట్టమని అడుగుతారు, కుట్టను. జుబ్బాకు గుండీలు పెట్టను, ఊడితే గొంతుకు అడ్డం పడతాయి. పక్కకు కట్టే పొట్టి నాడాలు రెండు చాలు. మెడ దగ్గర నాడా ఉండకూడదు.

నా మిషను కూడా పాతదే, ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో కొన్నాను. నల్ల బాడీ, పోత ఇనుము స్టాండు. అలాంటిది కొనాలనుకుంటే సంచిలో రెండు గుడ్డ ముక్కలు, ఒక దారపు కండె, కొత్త సూది వేసుకుని వెళ్ళండి. చక్రం ఒక్క వేలితో తిరగాలి, మధ్యలో ఎక్కడా పట్టకూడదు. రేకు జరిపి షటిల్ చూడండి, తుప్పుంటే వదిలేయండి. కింద గుడ్డను లాగే పళ్ళు అరిగాయేమో వేలితో తడమండి. చివరగా రెండు పొరలు వేసి కుట్టి, కుట్టు పైనా కిందా ఒకేలా పడిందో లేదో చూడండి. కుట్టి చూపించనంటే బేరమే వద్దు. ‘బండ లెక్క ఉంటదమ్మా’ అని అమ్మేవాళ్ళందరూ అంటారు.

అదే అంగట్లో పిల్లల సామాను కూడా కుప్పలు పోసి ఉంటుంది. టేకు ఉయ్యాల బాగుంటే కొనుక్కోవచ్చు, కడ్డీల మధ్య ఆరు సెంటీమీటర్లకు మించి ఎడం లేకుండా చూసుకోవాలి. రంగు వేసినవి మాత్రం వద్దు. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందరి రంగులో ఏముందో కంటితో కనిపెట్టలేం, ఉయ్యాల అంచు కొరికే పిల్లకు మనం నచ్చజెప్పలేం. పాలసీసాలు, కార్లో బిగించే పిల్లల సీట్లు పాతవి కొనొద్దు. వాకర్లు పాతవీ వద్దు, కొత్తవీ వద్దు. కెనడాలో 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించారు. గిలక్కాయ దగ్గర నేను కొత్తదానికే డబ్బు పెట్టాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణ పట్టి, లక్కలో ఆకులు, వేళ్ళు, గింజల రంగులు కలిపి పూస్తారు. ఆ సహజ రంగులకు మళ్ళీ ప్రాణం పోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో పనిచేసేదాన్ని కాబట్టి ఇంకో చేతిపని దగ్గర బేరం ఆడబుద్ధి కాదు.

పసిపిల్ల ఇంట్లో ఈ పని సాగాలంటే కొన్ని కట్టుబాట్లు తప్పవు. సూదులు లెక్కపెట్టి తీస్తాను, లెక్కపెట్టి డబ్బాలో పెడతాను. లెక్క తగ్గితే అయస్కాంతంతో నేలంతా గాలించాకే పాపను కిందికి దించుతాను. గుండుసూదులు అసలు వాడను. పాప పాకడం మొదలెట్టినప్పటి నుంచి, పని కాగానే మిషను బెల్టు ఊడదీస్తున్నాను. చక్రం తిరుగుతుంటే చిన్న వేళ్ళు ముందు అటే పోతాయి.

డబ్బు దగ్గర మాత్రం ఇప్పటికీ తగాదాయే. ‘పాత చీరేగా, దానికింత కూలా?’ అంటారు. చీర పాతదే గానీ, నా కళ్ళు, నడుము పాత ధరకు రావు కదా! మొదట్లో మొహమాటపడి సగానికి సగం తగ్గించేదాన్ని. ఇప్పుడు ఉడికించిన పూట, కుట్టిన గంటలు కాగితం మీద రాసి చేతికిస్తాను. బేరమాడేవాళ్ళలో సగం మంది ఆ కాగితం చూసి మాట్లాడరు. మిగతా సగం వెళ్ళిపోతారు. వెళ్ళనీయండి. చేతిపని చౌకగా ఇస్తే చౌక పని అనే పేరు వస్తుంది, ఆ పేరు పోగొట్టుకోవడం చాలా కష్టం.

మీ ఇంట్లో ఎవరైనా నెల తప్పారంటే, అమ్మవో అత్తవో మెత్తబడిన నూలు చీరలు రెండు ఇప్పుడే పక్కకు తీయండి. ఫాల్ విప్పేయండి, గంజి పెట్టకుండా ఉతికి ఎండలో ఆరేయండి, కలరా ఉండలు లేని అరలో పెట్టండి. నా దగ్గరికే తేనక్కర్లేదు, సూదీ దారం పట్టడం వచ్చిన ఎవరైనా కుట్టగలరు. స్టీలు గిన్నె కావాలంటే ఒక పాలియెస్టర్ చీర వేయండి, ఆమె ఎక్కువే ఇస్తుంది.