తిమింగలాల రేవులో వంశాల లెక్క
న్యూయార్క్ చేరువలోని ఓ అందమైన పల్లె. కుబేరుల సొమ్ముతో జాతి వివక్షకు శాస్త్రం ముసుగు తొడిగింది అక్కడే

న్యూయార్క్‌లోని పెన్ స్టేషన్‌లో లాంగ్ ఐలాండ్ రైలెక్కితే గంటకు కాస్త అటూ ఇటుగా కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ వస్తుంది. చెట్లు కమ్మిన గుట్టలు, వాటి నడుమ ఇరుకైన అఖాతం, నీటి మీద ఊగే తెరచాప పడవలు. 19వ శతాబ్దంలో తిమింగలాల వేటకు పేరుపడ్డ రేవు ఇది. ఆ జ్ఞాపకాలకు ఊళ్లో మ్యూజియం ఉంది. తర్వాత కోటీశ్వరులు వచ్చి చుట్టుపక్కల భవంతులు కట్టుకున్నారు. పశ్చిమ ఒడ్డునున్న ప్రయోగశాల నేడు జన్యుశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధం. 1983లో నోబెల్ అందుకున్న బార్బరా మెక్‌క్లింటాక్ పనిచేసింది ఇక్కడే. యూజెనిక్స్ రికార్డ్ ఆఫీసు వెలిసిందీ ఇక్కడే.

దానికి పెట్టుబడి వారసత్వపు సొమ్ము. రైల్వే అధిపతి ఇ.హెచ్. హారిమన్ 1909లో మరణించాక కోట్ల డాలర్ల ఆస్తి భార్య మేరీకి దక్కింది. మేలుజాతి గుర్రాలను పెంచినట్టే మనుషుల్లోనూ ‘మేలుజాతి’ని వృద్ధి చేయవచ్చన్న జీవశాస్త్రవేత్త ఛార్లెస్ డావెన్‌పోర్ట్ వాదన ఆమెకు నచ్చింది. 1910లో ఆమె డబ్బుతోనే ఆఫీసు మొదలైంది. రాక్‌ఫెల్లర్ కుటుంబమూ చేయి వేసింది. ఆ తర్వాత కార్నెగీ సంస్థ నిర్వహణ బాధ్యత తీసుకుంది.

శిక్షణ పొందిన కార్యకర్తలు ఊళ్లు తిరిగి వంశవృక్షాలు గీశారు. వీరిలో ఎక్కువమంది చదువుకున్న యువతులే. పేదరికం, తాగుడు, మందబుద్ధి అన్నీ రక్తంలో వచ్చేవేనని కార్డుల్లోకి ఎక్కించారు. నావికాధికారుల్లో సముద్రంపై మక్కువ కూడా వంశపారంపర్యమేనని 1919లో డావెన్‌పోర్ట్ పుస్తకమే రాశారు. విడ్డూరమేమిటంటే, పుట్టుకతోనో పెళ్లితోనో ఆస్తి దక్కినవారు దాన్ని యోగ్యతకు గుర్తుగా చూశారు. భూమి, బడి, సరైన కూలి దక్కనివారి పేదరికానికి మాత్రం రక్తాన్ని నిందించారు. 1865లో బానిసత్వం రద్దయినా గజం భూమి చేతికి రాని నల్లజాతి కుటుంబాలపై ఈ ముద్ర మరింత బలంగా పడింది.

కార్డులు చట్టాలయ్యాయి. ఆఫీసు సూపరింటెండెంట్ హ్యారీ లాఫ్లిన్ రాసిన నమూనా ఆధారంగా 1924లో వర్జీనియా బలవంతపు వంధ్యీకరణ చట్టం చేసింది. 1927లో సుప్రీంకోర్టు సమర్థించడంతో క్యారీ బక్ అనే పేద యువతికి ఆపరేషన్ చేసేశారు. ఆమె మందబుద్ధి కాదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. దేశవ్యాప్తంగా 60,000 మందికి పైగా ఇలాగే బలయ్యారు. తెల్లవారు ఇతర జాతులవారిని పెళ్లాడరాదంటూ వర్జీనియా అదే ఏడాది చేసిన మరో చట్టం 1967 దాకా చెల్లింది. 1933 నాటి నాజీ చట్టానికీ లాఫ్లిన్ నమూనాతో దగ్గరి పోలికలున్నాయి. 1936లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. వంధ్యీకరించాల్సినవారి జాబితాలో మూర్ఛరోగులను చేర్చిన లాఫ్లిన్‌కు మూర్ఛవ్యాధి ఉండటం మరో విషయం.

1939లో ఆఫీసు మూతపడింది. డబ్బు మాత్రం దారి వెతుక్కుంది. జౌళి యంత్రాల వ్యాపార వారసుడు విక్లిఫ్ డ్రేపర్ 1937లోనే పయనీర్ ఫండ్ నెలకొల్పారు. దాని తొలి అధ్యక్షుడు లాఫ్లిన్. 1960లలో పౌరహక్కుల చట్టాన్ని అడ్డుకునే ప్రయత్నాలకూ డ్రేపర్ సొమ్ము చేరింది.

ఆ నీడ ప్రయోగశాలను అంత త్వరగా వదల్లేదు. డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ దశాబ్దాలపాటు దీనికి సారథి. నల్లజాతీయుల తెలివితేటలపై వ్యాఖ్యలతో 2007లో పదవి వదులుకున్నారు. మళ్లీ అదే మాటకు కట్టుబడటంతో 2019లో ప్రయోగశాల ఆయన గౌరవ హోదాలన్నీ రద్దు చేసింది. యూజెనిక్స్ కాలపు చిత్రాలు, పత్రాలను ఎవరైనా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టిందీ ఈ ప్రయోగశాలే.

తెలుగువారికీ ఈ ఊరితో లెక్క ఉంది. భారతీయులు ‘తెల్లవారు’ కాదు కనుక పౌరసత్వానికి అనర్హులని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లాఫ్లిన్ సాక్ష్యం అండతో వచ్చిన 1924 వలస చట్టం ఆసియావాసులకు తలుపులు బిగించింది. ఆ జాతుల కోటా 1965లో రద్దయ్యాకే తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్దసంఖ్యలో అమెరికా విమానమెక్కగలిగారు. న్యూయార్క్, న్యూజెర్సీల్లో స్థిరపడ్డ కుటుంబాలకు ఈ రేవు వారాంతపు విహారానికి అందేంత దూరంలోనే ఉంది.