జకార్డు అట్టలు – కంప్యూటరు కంటైనరులు

షోలాపురమునందలి మన నేత కుటుంబములకు జకార్డు అట్టలను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. చాదరుమీది పువ్వు మగ్గముపైకి వచ్చుటకు ముందే ఆ అట్టల రంధ్రములలో నుండును. ఫ్రాన్సు దేశీయుడగు జకార్డు 1804లో ఈ పద్ధతిని వెలయించెను. ఒకే అట్టల వరుసను అదే కొలతగల ఏ మగ్గమునకు కట్టినను అదే పువ్వు దిగును. హోట్గి రోడ్‌లోని మా ఇంటి కంప్యూటరుపై కంటైనరు నమర్చుకొన్నప్పుడు మాకు ఈ అట్టలే జ్ఞప్తికి వచ్చినవి.

మా పని చిన్నది. మగ్గముల కూలి లెక్కలను తెలుగున చీటీలుగ తయారుచేయు ప్రోగ్రామొకటి మా పిల్లలిరువురు వ్రాయుచుండిరి. ఒకడు ఇచ్చట, మరియొకడు పుణెలో. ఇచ్చట నడచినది అచ్చట నడవదయ్యెను. రెండు యంత్రములలోని సరంజామా వేరు. ఈ చిక్కు తీర్చుటకే కంటైనరు పుట్టినది. 2013లో వెలువడిన డాకరు దీనిని లోకమున వ్యాపింపజేసినది. ప్రోగ్రామునకు ఏమేమి కావలెనో వరుసగ డాకరుఫైలులో వ్రాయవలెను. దానినిబట్టి ఇమేజి తయారగును. ఆ ఇమేజినుండి ఎన్ని కంటైనరులనైనను నడుపవచ్చును. డాకరుఫైలే అట్టల వరుస యని మా పెద్దలకు చెప్పగా వెంటనే గ్రహించిరి.

మాది విండోసు యంత్రము. మొదట బయాస్‌లో వర్చువలైజేషనును అనుమతించితిమి. పిమ్మట, 2020లో విండోసు 10తో అందరికి అందిన డబ్ల్యూ.ఎస్.ఎల్. 2 అను లినక్సు ఏర్పాటును నెలకొల్పి, దానిపై డాకరు డెస్క్‌టాప్‌ను ఉంచితిమి. కంటైనరును తొలగించినచో దానిలో వ్రాసిన లెక్కలును పోవును. కావున లెక్కలను వాల్యూమను వెలుపలి అరలో దాచితిమి. మగ్గము విప్పినను నేసిన చాదరు భద్రముగ నుండవలెను గదా!

తొలి చీటీ వచ్చినది. అంకెలన్నియు సరిగ నున్నవి. పేర్లుండవలసిన చోట మాత్రము డొల్ల గడులు! విండోసులో నిర్మల అను ఖతి ముందే యున్నందున అంతవరకు ఈ లోటు కనబడలేదు. తేలికగ నుండుటకై కూర్చిన లినక్సు ఇమేజిలో తెలుగు ఖతి యుండదు. 1991నుండియు యూనికోడులో తెలుగునకు స్థానము కలదు. అక్షరము చెడలేదు, దానిని చూపు రూపము లేదు, అంతియే. నోటో ఖతులను చేర్చుమని డాకరుఫైలులో ఒక్క వరుస వ్రాసి మరల కట్టగా పేర్లు వెలసినవి. పుణెలోను అదే చీటీ వచ్చినది.

అయితే పేర్లు సరిగ వచ్చినవో లేవో చూచుట యెవరు? ప్రోగ్రాము వ్రాసిన పిల్లలు ఇంట తెలుగే మాటలాడుదురు; మరాఠీ బడిలో చదివినందున తెలుగు చదువలేరు. నాయనమ్మ కండ్లజోడు పెట్టుకొని ఒక్కొక్క పేరును చదివి సరిచూచినది. మాట యున్నది, లిపి లేదు: ఆ గడులకును మా పిల్లలకును తేడా కనబడలేదు. యంత్రమైనను, ఇల్లైనను, వరుసలో వ్రాయనిది తనంత తాను రాదు. మా ఇంటి దినచర్యలో నిపుడు ఒక వరుస చేరినది: లెక్కల పని ముగిసినంతనే నాయనమ్మయొద్ద పావుగంట అక్షరములు దిద్దుట.