దాదీమా మెహర్‌కు నెంబరు రాలేదు

మా అమ్మీ ప్రతి రంజాన్‌లో షబ్-ఎ-ఖద్ర్ నాడు అసర్ నమాజ్ అయినంక ఒక పని చేస్తది. లోపలి కమ్రాలో ఉన్న దాదీమా సందూక్ తెరిచి ఎర్ర మఖ్మల్ బటువా బయటికి తీస్తది. అందులో ఎనిమిది హాలి సిక్కాలు. కటోరాలో నానబెట్టిన చింతపండు, ఇంత బూడిద, ఒక పాత గుడ్డ ముందట పెట్టుకుంటది. ఒక్కో సిక్కాను వేళ్ళ మధ్య పట్టుకొని చార్మినార్ బొమ్మ తళతళ మెరిసేదాకా తోముతది. కడిగి, కొంగుతో తుడిచి, దురూద్ చదివి మళ్ళీ బటువాలో వేస్తది. మా ఇంట్లకు గ్యాస్ పొయ్యి వచ్చి ఇరవై ఏండ్లు దాటింది. అయినా ఈ ఒక్కరోజు కోసం అమ్మీ ఎవరింట్లనుంచో బూడిద తెప్పిస్తది.

ఆ సిక్కాలు మా దాదీమా మెహర్. నికాహ్ నాడు ఖాజీ సాబ్ చదివింది నూట ఇరవై అయిదు రూపాయలు, సిక్కా-ఎ-ఉస్మానియా. మా దాదా తహసీల్ కచేరీలో ముహర్రిర్. జీతంలో కూడబెట్టి, కొత్త సిక్కాలే ఏరి ఇచ్చిండట. వాటి మీద హిజ్రీ సన్ 1362 ఉంది, అంటే 1943. తర్వాత అవసరాలు వాటిని ఒక్కొక్కటిగా తినేసినయి. అబ్బా చదువుకు కొన్ని, ఇంటి పెంకులకు కొన్ని, ఒక బర్రెకు కొన్ని. మిగిలిన ఎనిమిదిని దాదీమా తన ఆఖరి రోజుల్లో బహూ చేతిలో పెట్టి, "యే అమానత్ హై, పాక్ సాఫ్ రఖ్నా" అన్నదట. అమ్మీ ఆ మాటను అక్షరాలా పాటించింది.

పాక్ సాఫ్ ఎందుకంటే, ఆ సిక్కా మీద 92 అని అంకె ఉంటది. మనకు 786 అంటే బిస్మిల్లా అని అందరికీ ఎరుకే. అదే అబ్జద్ హిసాబ్‌లో ముహమ్మద్ అనే ముబారక్ నామ్‌కు మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4 కలిపితే 92. సల్లల్లాహు అలైహి వసల్లం. అలాంటి పేరున్న సిక్కా మీద మైలు పేరుకోవద్దని దాదీమా తపన.

సిక్కా గురించి నాలుగు ముక్కలు చెప్పాలె, మన పిల్లలకు తెల్వదు గనుక. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం రూపాయి ఇది. చార్మినార్ కమాన్ నడుమ చూస్తే "ఐన్" అనే అక్షరం కనబడతది, ఉస్మాన్ పేరులో మొదటి హర్ఫ్. అంతకుముందు మహబూబ్ అలీ ఖాన్ కాలంలో అక్కడ "మీమ్" ఉండె. తూకం పదకొండు గ్రాముల పైచిలుకు, అందులో వెండి తొమ్మిది గ్రాములకు కొంచెం ఎక్కువ. మన రూపాయి హాలి, ఇంగ్లీసోళ్ళది కల్దార్. ఏడు హాలిలకు ఆరు కల్దార్‌లు. 1930లో మొదటి ఆంధ్ర మహాసభ మా జోగిపేటలనే జరిగింది, సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన. ఆ సభకు వచ్చినోళ్ళ జేబుల్లో కూడా హాలి సిక్కాలే ఉండి ఉంటయి. 1950 తర్వాత కొన్నేండ్లు రెండు రూపాయలూ కలిసి నడిచి, 1959తో హాలి చలామణి ఖతమ్ అయింది.

ఇగ నా సంగతి. నేను పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల క్వాలిటీ చెకింగ్‌ల పని చేస్త. లేత్ మిషన్ల మీదనుంచి వచ్చిన ముక్కలను గేజ్ పెట్టి చూసి, బాగుంటే పచ్చ చీటీ, లేకుంటే ఎర్ర చీటీ అంటిస్త. వెంట్రుక మందం గీత పడ్డా ఎర్ర చీటీనే. ఆ ముక్క చేసిన కార్మికుడు ఎంత బతిమిలాడినా వినను. నౌకరీ అట్లాంటిది.

పోయినేడు మా పెద్ద బిడ్డ ఇంజినీరింగ్ ఫీజు నాలుగు నెలలు వెనకబడ్డది. అప్పుడే ఫోన్‌ల ఒక వీడియో వచ్చింది. 786 నెంబరు నోటుకు లక్షలు, నిజాం సిక్కాకు లక్షలు అని. ఇసొంటి మోసాలను నమ్మొద్దని 2021 ఆగస్టులోనే రిజర్వు బ్యాంకు జనాలను హెచ్చరించింది. నేను ఆ వీడియోను నమ్మలేదు. కానీ దాని వెంబడి చదువుకుంట పోతే ఇంకో దునియా కనబడ్డది. సిక్కాలకు గ్రేడింగ్ చేసే కంపెనీలు ఉన్నయి. సిక్కాను పరీక్షించి, ఒకటి నుంచి డెబ్బై దాకా ఒక నెంబరు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ డబ్బాల సీల్ చేసి పంపుతరు. నెంబరు పెరిగితే ఖీమత్ పెరుగుతది. ఇది మోసం కాదు, నిఖార్సైన వ్యాపారం. పైగా నా పని లాంటి పనే. అందుకే భరోసా కలిగింది.

అమ్మీ మొదట ఒప్పుకోలేదు. "అమానత్‌ను అమ్ముతారా బేటా?" అన్నది. "అమ్ముతలేను అమ్మీ, ఖీమత్ ఎంతో తెలుసుకుందాం. మన సిక్కాలంత మెరిసేటివి ఎవరి దగ్గరా ఉండవు" అన్న. బిడ్డ ఫీజు మాట వచ్చేసరికి అమ్మీ బటువా నా చేతిల పెట్టింది.

ఆ రోజే సందూక్ కిందికి దించి దులుపుతుంటే అడుగున అంటించిన గుడ్డ చినిగి, దాని వెనకనుంచి ఒక సిక్కా జారి పడ్డది. తొమ్మిదోది. ఎన్నేండ్లు ఆడ దాగి ఉందో. నల్లగ, అంచుల మీద నీలం, గోధుమ రంగు మరకలతోటి ఉంది. అమ్మీ వెంటనే చింతపండు కోసం లేచింది. నాకు బస్సు టైమ్ అవుతుండె. "వాపస్ వచ్చినంక తోముదువుగానీ" అని దాన్ని కూడా జేబుల వేసుకున్న.

హైదరాబాద్‌ల పాత నాణేల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి దగ్గరికి పోయిన. ఆయన మొదట చూసింది సన్. "వందేండ్లు దాటిన వస్తువును దేశం బయటికి పంపొద్దు మియా, 1972 చట్టం ఉంది. మీవి 1362వి, ఫికర్ లేదు" అన్నడు. భూతద్దం పెట్టి మెరిసే ఎనిమిదింటినీ తిప్పి తిప్పి చూసి ఖామోష్‌గ ఉండిపోయిండు. నల్లదాన్ని చూసి మాత్రం, "దీన్ని తప్పక పంపండి" అన్నడు. నాకు నవ్వొచ్చింది. ఆయన సలహా మీద అది, నా జిద్దు మీద మెరిసేవాట్లో రెండు, మొత్తం మూడు పంపినం. ఫీజు, పోస్టు, బీమా కలిపి పదివేలు దాటింది. ఒక దోస్త్ దగ్గర చేబదులు తీసుకున్న.

నెలల తరబడి ఇంతెజార్. రాత్రి డ్యూటీల కూచొని అరవై అయిదు వస్తే ఎంత, అరవై ఆరు వస్తే ఎంత అని హిసాబ్ వేసుకునేటోన్ని. ఆఖరికి డబ్బాలు వచ్చినయి. నల్లదాని చీటీ మీద ఎం.ఎస్. 62 అని ఉంది. టంకసాల నుంచి వచ్చినట్టే ఉంది, చలామణిల అరగలేదు అని దాని అర్థం. మెరిసే రెండింటికీ నెంబరే లేదు. నెంబరు ఉండాల్సిన చోట ఒకటే మాట: క్లీన్డ్. తోమబడింది. అది ఐబు కింద లెక్క.

దుకాణం పెద్దమనిషి ఓపికగ సమ్‌ఝాయించిండు. అచ్చు కొట్టేటప్పుడు ఆ దెబ్బకు లోహం పాకి, పైన కంటికి ఆనని సన్నటి గీతలు పడతయట. వెలుతురు కింద తిప్పితే చక్రం లెక్క తిరిగే అసలు మెరుపు ఆ గీతలదే. చింతపండు పులుపు ఆ పైపొరను తింటది, బూడిద దాని మీద కొత్త గీకులు పెడతది. మనకు కనబడే తళతళ వెండి తళతళే గానీ టంకసాల మెరుపు కాదు. ఒకసారి పోతే మళ్ళీ రాదు. నల్లదాని మీద ఉన్నది మైలు కాదు, వెండి గాలిని పట్టుకొని తనకు తాను కప్పుకున్న పరదా. దాని కింద 1943 నాటి మెరుపు భద్రంగ ఉంది. "చూడంగనే తెలిసింది మియా, కానీ మీరు ఎంత ఉమ్మీద్‌తో వచ్చిండ్రో చూసి నోరు రాలేదు" అన్నడు. ఆ 62కు ఆయన చెప్పిన ధర నేను పెట్టిన ఖర్చు కంటే తక్కువే. 1362 సిక్కాలు దొరకని సరుకేం కాదట. నల్లదాన్ని కూడా జేబుల వేసుకొని వాపస్ వచ్చిన.

పైసలు పోయిన మాయూసీ రెండు రోజుల్లో సర్దుకుంది. సర్దుకోనిది ఇంకొకటి. ఇంటికి పోయి, తెలివి తక్కువ పని చేసి, చీటీ మీద ఉన్నదంతా అమ్మీకి చదివి వినిపించిన. అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన వేళ్ళ దిక్కు చూసుకుంట, "మైచ్ ఖరాబ్ కర్దీ క్యా బేటా?" అన్నది.

ముప్పై ఏండ్లు ఇబాదత్ లెక్క చేసిన పనికి నేను ఎర్ర చీటీ తెచ్చి ఇచ్చిన.

షికాగోల ఉన్న మా బాజీ కొడుక్కి ఫోన్ చేసి చెప్పుకున్న. వానికి చిన్నప్పటినుంచి కామిక్ పుస్తకాల పిచ్చి. "మామూ, మా దగ్గర కూడా ఇదే కథ" అన్నడు. కామిక్స్‌కు పది మార్కుల కొలత. 9.8 వస్తదని వాడు పంపిన స్పైడర్‌మ్యాన్ పుస్తకానికి 9.0 వచ్చిందట, వీపు దగ్గర ఒక సన్న ముడత ఉందని. చినిగిన అట్టను టేపుతో అతికించినా, వెలిసిన చోట రంగు దిద్దినా తప్పే. నాకు అబ్బా కుట్టించి పెట్టిన చందమామలు యాదికొచ్చినయి. ప్రతి అట్ట మీద మా అన్నదమ్ముల పేర్లు, బొమ్మలకు మేము గీసిన మీసాలు. వాటికి ఏ నెంబరు వస్తది?

తర్వాత కొంత చదివిన. ఈ డెబ్బై కొలతను 1949లో విలియం షెల్డన్ అనే అమెరికా ఆయన అక్కడి పాత రాగి సెంట్ల కోసం తయారు చేసిండు. ఒకటో నెంబరు నాణెం కంటే డెబ్బయ్యో నెంబరుది డెబ్బై రెట్లు ధర పలకాలన్నది ఆయన లెక్క. అంటే ఆ నెంబరు పుట్టిందే బజార్ ధర కోసం. 1986, 87లలో పి.సి.జి.ఎస్., ఎన్.జి.సి. కంపెనీలు వచ్చి నాణేలను డబ్బాల్లో సీల్ చేసుడు మొదలుపెట్టినయి. 2000లో సి.జి.సి. ఆ పద్ధతినే కామిక్స్‌కు తెచ్చింది. ముఖం చూడని ఇద్దరి మధ్య బేరం కుదరాలంటే మూడో మనిషి గవాహీ కావాలె. ఆ గవాహీ ఇచ్చేటోళ్ళు వీళ్ళు. నా సిక్కాల విషయంల వాళ్ళు అబద్ధం చెప్పలేదు. తోమినరా అంటే తోమినం. వాళ్ళ గేజ్‌తో నేను చూసినా అదే చీటీ అంటిస్త.

గలతీ నాది. ముట్టుకోకుండ దాచిన వస్తువు గురించి అడగాల్సిన సవాల్‌ను, చేతులు మారి, చేతుల్లో బతికిన వస్తువు గురించి అడిగిన. అమ్మీకి సాఫ్ అంటే అదబ్. గ్రేడింగ్ చేసేటోనికి సాఫ్ అంటే నుఖ్‌సాన్. రెండూ సచ్చే. కానీ ఒకరి చీటీ తెచ్చి ఇంకొకరి చేతిల పెట్టకూడదు.

మీ ఇండ్లల్ల కూడా హాలి సిక్కాలు ఉంటయి. అమ్మాలనుకుంటే మాత్రం తోమకండి. అంచులు పట్టుకొని చూడండి, నడుమ వేలు పెట్టకండి. కంపెనీకి ఫీజు కట్టేముందు తెలిసిన మనిషికి చూపించి, ఫీజైనా వెళ్తదా అని సాఫ్‌గ అడగండి. అమ్మే ఇరాదా లేకుంటే మీ పెద్దోళ్ళు ఎట్ల ఉంచిండ్రో అట్లనే ఉంచండి.

ఈ రంజాన్‌ల షబ్-ఎ-ఖద్ర్ వచ్చింది. అసర్ అయింది. అమ్మీ సందూక్ దిక్కు పోలేదు. తస్బీ పట్టుకొని కూచుంది. నేనే సందూక్ తెరిచిన. రెండు ప్లాస్టిక్ డబ్బాలను బండ మీద పెట్టి సుత్తితో పగలగొట్టిన. బిడ్డ చింతపండు నానబెట్టింది. బూడిద మాత్రం వద్దన్న, క్వాలిటీ చెకింగ్ మనిషిని కదా. అమ్మీ కాసేపు చూసి, "అట్ల కాదు, అంచునుంచి మొదలుపెట్టాలె" అని నా చేతిలనుంచి సిక్కా తీసుకుంది.

ఎనిమిది తోముడు అయినంక అమ్మీ డబ్బాలో ఉన్న నల్లదాన్ని చేతిలకు తీసుకొని వెలుతురుకు పట్టి చూసింది. "దీన్ని?" అని అడిగిన.

"రహెన్‌దే. దాని మీద గూడ 92 ఉంది గదా" అన్నది. డబ్బాతో సహా కొంగుతో తుడిచి, దురూద్ చదివి, బటువాలో వేసింది.

ఫీజు బాకీ ఇంకా ఉంది. ఓవర్‌టైమ్ చేస్తున్న.