పాముకో వెచ్చని గూడు

మన ఊళ్లలో పాముకి ఎవరూ ఇల్లు కట్టరు. చెదపురుగులు పుట్ట పెడతాయి, పాము వెళ్లి అందులో చేరుతుంది. నాగులచవితి నాడు తడిబట్టలతో వెళ్లి, పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెట్టి దండం పెట్టుకుని వచ్చేస్తాం. మిగతా ఏడాదంతా అది మన గుమ్మం తొక్కకుండా ఉంటే చాలు. అలాంటి చోటు నుంచి వచ్చిన మేము ఒక పాము కోసం ఇల్లు వెతికి, ఆ ఇంట్లో వేడి ఎంతుందో రోజుకి రెండుసార్లు చూసుకుంటామని ఎవరైనా ముందే చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లం.

మేముండేది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ దగ్గర. 2020 వేసవిలో మా అబ్బాయికి పన్నెండేళ్లు. కరోనా వల్ల స్కూలు లేదు, స్నేహితులు లేరు. రోజంతా కంప్యూటరు ముందే. ఒకరోజు అన్నం తింటూ, "అమ్మా, నాకు బాల్ పైథాన్ కావాలి" అన్నాడు. అంటే కొండచిలువ! పక్కన కూర్చున్న మా అత్తయ్యగారి చేతిలో ముద్ద ఆగిపోయింది.

ఆవిడది కృష్ణా జిల్లా దివిసీమ. మా మామగారు 1980లో కట్లపాము కాటుకి పోయారు. అప్పటికి మా ఆయనకి ఆరేళ్లు. మా ఇంట్లో అంతవరకే తెలుసు. అంతకుమించి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ఆవిడ ఏనాడూ నేల మీద పడుకోలేదు. పాము అనే మాట కూడా ఆవిడ నోట రాదు. 'పురుగు' అంటుంది. అమెరికా వచ్చి పదేళ్లయినా చీకటి పడ్డాక లైటు వేయకుండా గదిలో అడుగు పెట్టదు.

వాడడిగింది తప్పు కాదు. వాడు అడిగిన జీవి మన కట్లపాము లాంటిది కాదు. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమాఫ్రికా దేశాల్లో బతికే చిన్న జాతి కొండచిలువ. విషం లేదు. బాగా ఎదిగినా నాలుగైదు అడుగులు. భయపడితే కరవడానికి రావడం తక్కువ, తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు. మా దగ్గర దాన్ని పెంచుకోవడానికి ప్రత్యేక అనుమతి కూడా అక్కర్లేదు. అయితే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. పన్నెండేళ్ల పిల్లాడి సరదా అన్నాళ్లు నిలుస్తుందా అన్నది నా భయం. అత్తయ్యగారి భయం వేరే.

వాడికో షరతు పెట్టాను. "ముందు పెట్టె తెచ్చుకో. ఖాళీ పెట్టెలో రెండు వారాలు వేడి సరిగ్గా నిలబెట్టి చూపించు. అప్పుడు పాము సంగతి మాట్లాడదాం." వారంలో విసుగొచ్చి మానేస్తాడనుకున్నాను. వాడు నోటు పుస్తకం తీసి గీతలు గీయడం మొదలుపెట్టాడు.

అక్కడి నుంచి మాకూ పాఠాలు మొదలయ్యాయి. మన ఒంట్లో ఎప్పుడూ ఒక పొయ్యి వెలుగుతూ ఉంటుంది. తిన్న తిండిలో చాలా భాగం ఒంటిని వెచ్చగా ఉంచడానికే పోతుంది. పాముకి ఆ పొయ్యి లేదు. వేడి బయట నుంచి అరువు తెచ్చుకోవాలి. చలేస్తే ఎండకి వస్తుంది, ఎక్కువైతే నీడకి పోతుంది. అందుకే దాని పెట్టెలో వేడి అంతటా ఒకేలా ఉండకూడదు. ఒక మూల 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో మూల 24 నుంచి 27. రెండు చోట్లా అది దాక్కునేందుకు చిన్న గూళ్లుండాలి. ఒకటే గూడు పెడితే భయానికి అందులోనే ఉండిపోతుంది తప్ప వేడి కోసం బయటికి రాదు. గాలిలో తేమ 60 శాతం దాకా ఉండాలి. లేకపోతే కుబుసం ఒక్క ముక్కగా ఊడదు, చిరిగి ఒంటికి అంటుకుంటుంది.

తెలిసినవాళ్లు పాత చేపల తొట్టి ఒకటి ఇచ్చారు. వాడి ప్రయోగం దాంతోనే. గాజు తొట్టి, పైన జల్లెడ మూత. వేడి పైకి పోతుంది, తేమ కూడా దాంతోపాటే పోతుంది. ఏసీ వేసిన మా ఇంట్లో నీళ్లు చల్లిన రెండు గంటలకే తొట్టి ఎండిపోయేది. వాడి పుస్తకంలో మొదటి ఐదు రోజులూ ఎర్ర గీతలే. ఆరో రోజు, "అమ్మా, మూడు పక్కలా మూసి ఉన్న పెట్టె కావాలి" అన్నాడు. చివరికి పీవీసీతో చేసిన పెట్టె తెప్పించాం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. ముందు వైపు జరిపే అద్దాలు. ఎదిగిన పాముకైనా అది సరిపోతుంది. పిల్ల పాముకి మరీ ఖాళీగా అనిపించకుండా లోపల ఆకులు, బెరడు ముక్కలు నింపాలి. అడుగున పరచడానికి కొబ్బరిపీచు పొట్టు. అది తేమని పట్టి ఉంచుతుంది. దేవదారు చెక్క పొట్టు మాత్రం వాడకూడదు, దానిలోని నూనెలు పాముకి హాని చేస్తాయి.

ఇక వేడి పెట్టడం. దుకాణంలో ఒకతను కరెంటుతో వేడెక్కే రాయి చూపించాడు. చూడ్డానికి బాగుంది, ధరా తక్కువే. మా వాడు వద్దన్నాడు. పాము అడుగు నుంచి తగిలే వేడిని సరిగా పసిగట్టలేదట. పొట్ట కాలుతున్నా కదలకుండా పడుకుని పుండ్లు పడ్డ పాములు చాలా ఉన్నాయి. తొట్టి కింద అంటించే హీట్ మ్యాట్ అయినా అంతే. థర్మోస్టాట్ లేకపోతే ఎంత వేడెక్కుతుందో చెప్పలేం. మేం పెట్టె పైకప్పుకి బిగించే బల్లపరుపు హీటింగ్ ప్యానెల్ తీసుకున్నాం. వెలుతురు ఉండదు, సెగ మాత్రమే కిందికి దిగుతుంది. దానికి థర్మోస్టాట్ మా ఆయన బిగించారు. రెండు మూలలా రెండు థర్మామీటర్లు. గోడకి అంటించే ముల్లు మీటర్లు నమ్మదగ్గవి కావు, తీగ చివర కొస ఉన్న డిజిటల్ మీటరే మేలు. కరోనా రోజుల్లో షాపుల గుమ్మం దగ్గర మన నుదుటికి గురిపెట్టారు చూడండి, అలాంటిదే ఇంకొకటి. దాంతో నేల వేడి కూడా కొలవొచ్చు. ఇవన్నీ కలిపితే పాము ఖరీదుకన్నా దాని ఇంటి ఖరీదే ఎక్కువైంది. పెంచుదామనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన లెక్క ఇదే.

రెండు వారాలు దాటి మూడో వారం కూడా పుస్తకం నిండింది. ఎర్ర గీతలు లేవు. ఇక నేను మాట తప్పడానికి వీల్లేదు.

అత్తయ్యగారు అన్నిటినీ దూరం నుంచి చూస్తూనే ఉంది. వద్దని అనలేదు. పెట్టెకి షాపుల్లో అద్దాల బీరువాలకి ఉండేలాంటి తాళం ఉంది. ఒక్కటే అడిగింది. "తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నీ దగ్గరే నానమ్మా" అన్నాడు వాడు.

అలా కుదిరింది ఒప్పందం. తిండి పెట్టాలన్నా, నీళ్లు మార్చాలన్నా వాడు వెళ్లి నానమ్మని అడగాలి. ఆవిడ బొడ్లోంచి తాళంచెవి తీసి ఇస్తుంది. పని అయ్యేదాకా గది బయట కుర్చీలో కూర్చుంటుంది. వాడు తాళం వేసి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాక చెవి మళ్లీ బొడ్లోకి. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు కాబట్టి చేతులు కడుక్కోవడం తప్పనిసరి. ఆ నియమం మాత్రం ఆవిడకి బాగా నచ్చింది.

2021 ఫిబ్రవరి వచ్చింది. 14వ తేదీ ఆదివారం మంచు పడింది. ఆ రాత్రి రెండు దాటాక కరెంటు పోయింది. ఒక్క మా వీధిలో కాదు, టెక్సస్ రాష్ట్రంలో 40 లక్షలకు పైగా ఇళ్లకీ, వ్యాపారాలకీ ఆ వారం కరెంటు లేకుండా పోయింది. 16వ తేదీ తెల్లవారుజామున డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. డెబ్బై ఏళ్లలో అంత చలి లేదు. రాష్ట్ర ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆ తుపానుకి 246 మంది చనిపోయారు. మా ఇంట్లో హీటరు నడిచేది గ్యాసుతోనే అయినా, వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యానుకి కరెంటు కావాలి.

మొదటిరోజు పొద్దున పెట్టెలో 23 డిగ్రీలుంది. చుట్టూ దుప్పట్లు కప్పాం. పీవీసీ గోడలు కాసేపు కాపాడాయి. సాయంత్రానికి ఇల్లంతా 10 డిగ్రీలకి దిగింది. పాము శనివారమే ఎలుకని తింది. ఒంట్లో వేడి లేకపోతే దానికి అరుగుదల ఆగిపోతుంది. తిన్నది కడుపులోనే కుళ్లితే కక్కేస్తుంది, ఆ నీరసంలో ప్రాణం మీదికి రావచ్చు. మా వాడు టార్చిలైటు పట్టుకుని నానమ్మ గదికి వెళ్లాడు. వాడి వెనకే నేనూ.

"నానమ్మా, తాళంచెవి కావాలి."

"ఇంత చీకట్లోనా?"

"చలికి చచ్చిపోతుంది నానమ్మా. తిన్నది అరగలేదు."

ఆవిడ ఏమీ మాట్లాడలేదు. శాలువా కప్పుకుని లేచింది. ఎప్పుడూ గది బయటే ఆగిపోయే మనిషి ఆ రోజు లోపలికి వచ్చి తనే తాళం తీసింది. మా వాడు పాముని దిండు గలీబులో పెట్టి, పైన ముడేశాడు. దాని తిండి కోసం గడ్డకట్టిన ఎలుకలు ఒక థర్మోకోల్ పెట్టెలో వస్తాయి. ఆ పెట్టెలోకే గలీబుని చేర్చాడు. గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి నీళ్లు కాచి సీసాల్లో నింపాను. అత్తయ్యగారు తన మోకాళ్ల నొప్పులకి వాడుకునే వేడినీళ్ల బ్యాగు తెచ్చి ఇచ్చింది.

"తువ్వాలు చుట్టు. వేడి తగలకూడదు, సెగ తగలాలి. బాలింత మంచం కింద కుంపటి పెట్టేవాళ్లం చూడు, అలాగ" అంది. థర్మోస్టాట్ గురించి మేం నెలల తరబడి చదివింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

రెండు మూడు గంటలకోసారి నీళ్లు మార్చాలి. అందరం వంటింట్లోనే దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం. ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టడం, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చోవడం లాంటివి మాత్రం చేయలేదు. ఆ వారం విషవాయువు వల్ల పోయినవాళ్లూ ఉన్నారు. ఆ రాత్రే అత్తయ్యగారు నోరు విప్పింది. మనవడు అడగకుండానే చెప్పింది. వేసవి రాత్రి, అరుగు మీద చాప. మామగారికి కాటు పడ్డట్టే తెలియలేదట. కడుపునొప్పి అన్నారు. మంత్రం వేయించారు. తెల్లవారేసరికి కనురెప్పలు ఎత్తలేకపోయారు. బండి కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే ఊపిరి ఆగిపోయింది. కట్లపాము కాటు అలాగే ఉంటుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. మా ఆయన సీసాకి తువ్వాలు చుడుతూ విన్నారు. వాళ్ల నాన్న ఎలా పోయారో ఆయన పూర్తిగా వినడం అదే మొదటిసారి.

"మీ తాతని కరిచింది ఇది కాదులేరా. దీనికేం తెలుసు పాపం" అని, వాడి చేతిలోని సీసా తీసుకుని తనే పెట్టెలో సర్దింది.

బుధవారం సాయంత్రానికి కరెంటు వచ్చింది. పాము తిన్నది కక్కలేదు. మూడు వారాలు తిండి ముట్టలేదు, తర్వాత మామూలైంది.

ఇది చదివి పిల్లలు "మనమూ తెచ్చుకుందాం" అంటే, ఒక మాట. మన దేశంలో పాముల్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతుల్ని కూడా 2022 సవరణ, 2024 నియమాల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. ఇంట్లోకి పాము వస్తే కొట్టకుండా అటవీ శాఖకో, పాముల్ని పట్టి వదిలేసేవాళ్లకో కబురు చేయండి. కాటు పడితే మంత్రాల కోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టవద్దు. కరిచిన కాలునో చేతినో కదపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాట్లకి 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. విరుగుడు మందు ఉండి కూడా అంతమంది.

మొన్నామధ్య మా వాడు చదివి చెప్పాడు. ఆఫ్రికాలో బాల్ పైథాన్లు కూడా పాడుబడ్డ చెదపుట్టల్లో చేరతాయట. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా, ఎప్పుడూ కాస్త తేమగా ఉంటుందని. అత్తయ్యగారికి చెబితే ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. "పుట్టంటే అంతే కదరా" అంది.

వాడు త్వరలో కాలేజీకి వెళ్లిపోతాడు. హాస్టల్లో పాముని ఉంచుకోనివ్వరు. ఇక దీన్నెవరు చూస్తారని నేను అంటుంటే అత్తయ్యగారు వింటూనే ఉంది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పెట్టె ముందు కళ్లద్దాలు పెట్టుకుని నిలబడి, వాడి నోటు పుస్తకంలో తెలుగు అంకెల్లో ఏదో రాసుకుంటోంది. వెనక నుంచి తొంగి చూశాను. వెచ్చని మూల ౩౨, చల్లని మూల ౨౫.