చాలులో పాట

మాది శంషాబాద్. విమానాలు మా డాబా మీంచే పోతాయి. అందుకే నా ఫోన్‌లో పూర్తయిన పాట ఒక్కటీ ఉండేది కాదు. గిటార్ పట్టుకుని రెండో చరణానికి వచ్చేసరికి పైనుంచి మోత. డిలీట్. మళ్లీ మొదటినుంచి. సెకండియర్ అంతా ఇదే పని.

మొన్న దసరాకి అమెరికా నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. పెట్టెలోంచి చాక్లెట్ల కన్నా ముందు ఒక చిన్న రికార్డ్ ప్లేయర్, ఒక రికార్డు తీశాడు. "పాటలు కడ్తున్నవంట కదరా, ఇది విను" అన్నాడు. నిక్ డ్రేక్ పాడిన 'పింక్ మూన్'. ఆల్బమ్ 1972 నాటిది. ఈ కాపీ మాత్రం కొత్తగా అచ్చేసింది, పైన కవర్ కూడా చింపలేదు.

తాత ఆ నల్లటి రికార్డుని వెలుతురుకి వంచి చూశాడు. "దున్నిన చెల్క లెక్కున్నది గదరా!"

నిజమే. అంచు నుంచి మధ్య దాకా చుట్టుకుంటూ పోయే సన్నటి చాలు. నిమిషానికి 33 పైచిలుకు చుట్లు తిరుగుతుంటే, ఆ చాలు గోడల ఎగుడుదిగుళ్లకు ముల్లు వణుకుతుంది. ఆ వణుకే పాట. అన్నమయ్య కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించారు. మాటలు మిగిలాయి, రాగాల పేర్లు మిగిలాయి, ఆయన గొంతు మాత్రం మిగల్లేదు. రికార్డు చాలులో ఉండేది గొంతే.

పదకొండు పాటలు, 28 నిమిషాలు. ఒక మనిషి, ఒక గిటార్, ఒక్కచోట కాస్త పియానో. 1971 అక్టోబర్‌లో, లండన్‌లో, రెండే రాత్రుల్లో రికార్డు చేశారు. రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ అతనే. మన మాటలో వాగ్గేయకారుడు. బతికుండగా రికార్డులు పెద్దగా అమ్ముడుపోలేదు. 1974లో, 26 ఏళ్లకే పోయాడు.

ఇవన్నీ అన్న చెప్తున్నాడు. నన్ను పట్టుకున్నది మాత్రం తీగల మీద వేళ్లు జారిన చప్పుడు. దాన్ని ఎవరూ చెరపలేదు. నేనైతే డిలీట్ కొట్టేవాణ్ణి.

తాతకు ఇంగ్లిష్ రాదు. అయినా రెండో వైపు అయిపోయేదాకా కూర్చున్నాడు. "మంచిగ వాడిండు. మరి నీ పాటేదిరా?"

"విమానాల మోత తాతా, రికార్డ్ కానిస్తలేవు."

నా పాట తాత చెల్క గురించే. ఎయిర్‌పోర్ట్ కోసం తీసుకున్న సుమారు 5,500 ఎకరాల్లో మా రెండెకరాలు కూడా ఉన్నాయి. 2008 మార్చిలో అక్కడ విమానాలు మొదలయ్యేనాటికి నేను చంటిపిల్లాణ్ణి. ఆ జొన్నచేను తాత చెప్తే విన్నదే తప్ప నేను చూసింది కాదు.

తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "గా మోత మన చెల్క మీదికెళ్లే గద లేసేది. ఉండనియ్యి."

ఆ రాత్రి డాబా మీద పాడాను. రెండో చరణంలో విమానం రానే వచ్చింది. ఫోన్ ఆపలేదు. మోత తగ్గేదాకా ఒకే తీగ మీటుతూ ఉండి, మూడో చరణం ఎత్తుకున్నాను. నాలుగు నిమిషాల పది సెకన్లు. నేను పూర్తిచేసిన మొదటి పాట.

పొద్దున తాతకు వినిపించాను. చేను గురించిన మాటలకు తలూపుతూ విన్నాడు. మోత వచ్చినప్పుడు మాత్రం చెయ్యి పైకెత్తి, "గిదే, గిక్కడ్నే" అన్నాడు.