మిల్లు కూత ఆగిన ఊరు

పిల్లలూ! సికింద్రాబాదుకు ఈశాన్యంగా సైనిక్‌పురి అనే కాలనీ వున్నది. సైన్యంలో పనిచేసి వచ్చినవారు ఇళ్లు కట్టుకున్నందువల్ల దానికా పేరు వచ్చింది. బడి ఉద్యోగం విరమించాక నేను అక్కడే వుంటున్నాను. మాకు దగ్గరలోనే ఈసీఐఎల్ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ కర్మాగారం వున్నది. అది 1967లో ఏర్పడింది. దాని చుట్టూ దుకాణాలూ, బళ్లూ, కాలనీలూ వెలిశాయి. చివరకు అక్కడి కూడలికి కూడా దాని పేరే నిలిచింది.

ఒకనాటి సాయంకాలం పక్కింటి కుర్రవాడు వచ్చి, "మాస్టారూ, ఫ్యాక్టరీ వస్తే ఊరు పెరుగుతుంది. మరి ఫ్యాక్టరీ మూతపడితే ఊరు ఏమవుతుంది?" అని అడిగాడు.

వాడు ఎందుకు అడిగాడో నాకు తెలుసు. వాళ్ల నాన్న పనిచేసే చిన్న కంపెనీ మూతపడబోతున్నది. నోటితో చెప్పటం కన్న చూపించటం మేలనిపించి, ఆ ఆదివారం తండ్రీకొడుకులను వెంటపెట్టుకుని వరంగల్లు బయలుదేరాను. మీరూ మా వెంట రండి.

సికింద్రాబాదు నుంచి వరంగల్లు సుమారు 140 కిలోమీటర్లు. రైలు కిటికీలోంచి భువనగిరి కోట కనిపిస్తుంది. ఏనుగు వీపులాటి ఒకే బండ మీద కట్టిన కోట అది! ఆలేరు, జనగామ, కాజీపేట దాటితే వరంగల్లు వచ్చేస్తుంది.

అక్కడ 1934లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఒక పెద్ద బట్టల మిల్లు వెలిసింది. నిజాం పెద్దకొడుకు పేరుమీద దాన్ని ఆజం జాహీ మిల్లు అన్నారు. చుట్టుపక్కల పత్తి బాగా పండుతుంది. ఆ పత్తి నూలై, నూలు బట్టై బయటికి వచ్చేది. మిల్లు కూత విని ఊళ్లో వాళ్లు వేళ తెలుసుకునేవారు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. మిల్లు కార్మికుడికి జీతం వస్తే, అందులో కొంత కిరాణా కొట్టుకూ, కొంత పాలవాడికీ, కొంత దర్జీకీ, కొంత రిక్షావాడికీ పోతుంది. అంటే ఒక జీతం నాలుగైదు ఇళ్ల పొయ్యి వెలిగిస్తుందన్నమాట. ఆ జీతం ఆగితే అన్ని పొయ్యిలూ మందగిస్తాయి.

అదే జరిగింది. మరమగ్గాలు చవకగా బట్ట నేశాయి. కృత్రిమ నూలు బట్టలు వచ్చాయి. మిల్లు యంత్రాలు పాతబడ్డాయి. నష్టాలు పేరుకున్నాయి. చివరకు 2002 నాటికి మిల్లు మూతపడింది. తరవాత ఆ స్థలంలో చాలాభాగం ఇళ్ల స్థలాలయింది.

"మరి ఊరు ఎండిపోలేదేం, మాస్టారూ?" అన్నాడు కుర్రవాడు, రోడ్డు మీది సందడి చూసి.

చెరువు ఎండినా, ముందే బావులు తవ్వుకున్న ఊరు దాహంతో చావదు. వరంగల్లు బావులు ఏవో చెబుతాను. 1959లో అక్కడి ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూగారు పునాదిరాయి వేశారు. అదే ఇప్పటి ఎన్.ఐ.టి. ఆ సంవత్సరమే కాకతీయ వైద్య కళాశాల వచ్చింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చింది. పక్కనే కాజీపేట రైల్వే జంక్షను వున్నది. ఎనుమాముల మార్కెటుకు పత్తీ, మిరపకాయలూ బస్తాలకొద్దీ వస్తాయి. కొత్తవాడ నేతగాళ్ల తివాచీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దొరికింది. ఇవేవీ మిల్లు మూతపడ్డాక తొందరలో తెచ్చినవి కావు. చాలావరకు అంతకుముందే వేళ్లు పాతుకున్నవి.

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరం కథ కూడా ఇలాటిదే. 1980 ప్రాంతాల్లో అక్కడి ఉక్కు మిల్లులు వరసగా మూతపడితే, విశ్వవిద్యాలయాలూ ఆస్పత్రులే దాన్ని నిలబెట్టాయి.

బట్టల పనిని కూడా ఓరుగల్లు మరిచిపోలేదు. 2017లో గీసుకొండ, సంగెం మండలాల మధ్య కాకతీయ మెగా జౌళి పార్కుకు పునాది వేశారు. కేరళ నుంచీ, దక్షిణ కొరియా నుంచీ కంపెనీలు అక్కడికి వచ్చాయి.

అయితే పిల్లలూ, ఒక్క మాట దాచకూడదు. ఊరు కోలుకోవటం వేరు, మనిషి కోలుకోవటం వేరు. కళాశాలలో కొత్త ఉద్యోగం చదువుకున్న కుర్రవాడికి దొరుకుతుంది. యాభై ఏళ్లు మగ్గం దగ్గర నిలబడ్డవాడికి దొరకదు. ఈ జిల్లా నేతగాళ్లు ఎందరో సూరత్‌కూ, భివండీకీ వలసపోయారు. ఊరు బాగుపడిందని లెక్క వేసేటప్పుడు వాళ్లను కూడా లెక్కలో వెయ్యాలి.

తిరుగు రైల్లో కుర్రవాడి నాన్న చాలాసేపు మాట్లాడలేదు. జనగామ దాటాక, "నాకు నలభై రెండేళ్లు, మాస్టారూ. ఇప్పుడు కొత్తపని పట్టుబడుతుందా?" అన్నాడు.

"మన ఈసీఐఎల్ ఒకప్పుడు టెలివిజన్లు చేసేది. ఇప్పుడు ఓటింగు యంత్రాలు చేస్తున్నది. చేతికి నేర్పు వుంటే పని మారవచ్చు. కాని నేర్చుకునేదాకా ఇల్లు గడవాలి. అందుకు ఇరుగు పొరుగూ, ప్రభుత్వమూ తోడుండాలి," అన్నాను.

మర్నాడు సాయంకాలం కుర్రవాడు మళ్లీ వచ్చాడు. ఈసారి ప్రశ్న అడగలేదు. "మాస్టారూ, నాన్న లెక్కలు మరిచిపోయాడట. మీ పాత పుస్తకం ఇస్తారా?" అన్నాడు.

ఇచ్చాను.